చేబదులు

పరకాల దిక్కు నుంచి వచ్చిన మట్టి సంచులు రెండు
బల్ల మీద ఉన్నయి.
ఒకదాని మీద మొగిలి పేరు, సర్వే నంబరు.
ఇంకోదాని మీద "గెట్టు" అని మాత్రం
ఎవరో బొగ్గుతోని రాసిండ్రు.

మట్టి నా పని. వేళ్లు నా పని కాదు.
అయినా రెండిట్లనూ మట్టితోపాటు గరిక వచ్చింది,
బియ్యంల వడ్లగింజ లెక్క.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
వరంగల్ల ఎండకాలం, ఫ్యాను లేని ల్యాబు,
కూసుంటే నిద్ర, లేస్తే చెమట.
ఊకె ఉండలేక గ్యాసు పొయ్యి మీద
పొటాషు నీళ్లల్ల వేళ్లు ఉడకబెట్టిన.
మట్టి రంగు, పసుపు రంగు దిగిపోయి
గాజు పోగులు మిగిలినయి.
వెనిగర్‌ల నాలుగు చుక్కల సిరా కలిపి ముంచిన,
బడిల వేళ్లకంటి అమ్మతోని తిట్టు తినిపించిన
ఆ నీలం సిరానే.

కరెంటు వచ్చినంక కన్ను ఆనించిన.

గెట్టు గరిక వేరులోపల ఒక వాడ.
నీలం సందులు.
గదిగదిల ఒక చెట్టు,
కొమ్మ చీలి, చీలిన కొమ్మ మళ్ల చీలి,
ఆకు లేదు, పువ్వు లేదు,
ఇచ్చే చేతులే అన్నీ.
పుస్తకంల శిలీంధ్రం అని ఉంటది.
మా ఇంట్ల బూజు అంటం.

గరికకు ఎండను చక్కెర చేసుడు తెలుసు.
భాస్వరాన్ని పిలుసుడు తెల్వదు.
అది ఎర్ర చెలకల ఇనుమును కరుసుకొని ఉంటది,
పక్కనే ఉండి పలకదు.
వేరు దూరని సందుల బూజు దూరుతది,
వెంట్రుక కన్నా సన్నగ పోయి
రవ్వంత తెచ్చి చేతుల పెడుతది.
గరిక చక్కెర ఇస్తది.
నోటు రాసుకోలే. సాక్షి సంతకం లేదు.

మొగిలి సంచిల గరికను గూడ ఉడకబెట్టిన.
లావు వేరు, తెల్లటి వేరు, తిన్న వేరు.
సిరా పట్టలే.
గది తర్వాత గది ఖాళీ,
వలస పోయిన గల్లీ.
ఎక్కడో ఒక్క నీలం పోగు
గడప దాటనీయని చుట్టం లెక్క నిలబడ్డది.
ఏడేండ్లు ఏటా డీఏపీ బస్తాలు.
కాళ్లకిందనే భాస్వరం పరుచుకున్నంక
చక్కెర ఎవ్వలకు ఇస్తది, ఎందుకిస్తది?

మర్నాడు రిపోర్టుకు మొగిలి వచ్చిండు.
వెంట ఓదెమ్మ, గెట్టు సంచి ఆమెదే.
"ఆయన తెస్తుంటే నేను గూడ గింత ఎత్తుకొచ్చిన,
నా మేకలు మేసే జాగ ఎట్లున్నదో సూడు బిడ్డా."

చూపెట్టిన.
ఒక కన్ను మూసి చానాసేపు చూసింది.
"మా బదులు కూలే గదా ఇది," అన్నది.
"వీళ్ల నాటుకు నేను పోదు, నా కలుపుకు వీళ్లమ్మ వచ్చు.
మిషిన్లు వచ్చినంక
ఎవ్వల గడప ఎవ్వలు తొక్కలే."

మొగిలి చెప్పు కొసతోని నేల గీకిండు.
"బస్తాలు తగ్గిస్తే మళ్ల వస్తదా అది?"
"రావచ్చు. గెట్టు పక్కనే ఉన్నది గదా."
ఎన్నేండ్లకో నాకు తెల్వదు, చెప్పలే.

ఇంకోటి గూడ చెప్పలే.
బూజుది దయ కాదు.
నత్రజని నిండుగ ఉండి భాస్వరం కరువైతే
ఇద్దరూ ఒక్క కంచంల తింటరు.
రెండూ కరువైతే
ఎవరి ముంత వాళ్లు కొంగు కింద దాస్తరు.
పొత్తు కుదరాలంటే
ఆకలికి గూడ ఒక కొలత ఉండాలె.

రిపోర్టు కాయితంల గళ్లు ఉన్నయి.
భాస్వరం: మొగిలికి ఎక్కువ, ఓదెమ్మకు తక్కువ.
బూజుకు గడి లేదు.
మిగిలిన సిరాతోని రెండు కాయితాల అంచులకు
చిన్న చెట్టు గీసిన.
ఆఫీసరు అడిగితే మరక పడ్డదని చెప్త.

కిటికీల నుంచి చూస్తే గేటు కాడ
ఇద్దరూ కొట్లాడుతున్నరు.
వచ్చేటప్పటి బస్సు పైసలు
ఎవరు ఎవరికి ఇయ్యాల్నో
ఇంకా తెగలే.