తరుగు

హాక్లీలో, కాలువ మలుపు దగ్గర, మా రిఫైనరీ.
బర్మింగ్‌హామ్ నగల బజారు ఊడ్చిన చెత్తంతా
మా గుమ్మంలోకే వస్తుంది.
అరిగిన చీపుళ్లు, మసిగుడ్డలు, వాక్యూమ్ సంచులు,
మెరుగుపెట్టే చక్రాల నూగు,
చేతులు కడిగిన తొట్ల అడుగు బురద.
ఒకసారి సగం కొరికిన శాండ్‌విచ్ కూడా వచ్చింది.
దాన్నీ తూచాం.

మొన్న మంగళవారం టెడ్‌స్టోన్ కొట్టు మూసేశారు.
తొంభై ఏళ్ల చెక్క నేలని ఊడబెరికి
మేకులతో సహా వ్యాన్‌లో తెచ్చాడు మేనల్లుడు.
పలకల సందుల్లో నల్లటి జిడ్డు,
అందులో చెవిపోగు కొక్కెం ఒకటి,
ఎవరిదో, ఎప్పటిదో.

వెనకే ముసలాయన భార్య మ్యూరియల్
సూపర్‌మార్కెట్ సంచి పట్టుకుని.
సంచిలో గళ్ల గుడ్డ చెప్పులు, మడమలు చితికినవి.
"పనిబల్ల దగ్గరా ఇవే, పడగ్గదిలోనూ ఇవే.
తివాచీ పాడవుతుందని నలభై ఏళ్లు తిట్టాను.
ఎంతుందో చూసి చెప్పండి."
వివరాల గడిలో రాశాను:
చెప్పులు, ఒక జత. విడిగా.

కాల్చాం.
నేల ఒక రాత్రంతా కాలింది. చెప్పులు పది నిమిషాలు.
బూడిదని గుళ్ల మరలో నూరి, జల్లించి,
చిటికెడు తీసి సీసంతో కలిపి
ఎముకల బూడిద మూసలో పెట్టి కొలిమి మూశాను.
సీసం మంచి పనిమంతురాలు.
మకిలి ఎక్కడున్నా వెతికి వెంటపెట్టుకుని
మూస గోడల్లోకి ఇంకిపోతుంది.
ఆఖర్న పూస మీద రంగులు గిరగిరా పాకి
ఆరిపోతాయి.
ఆ తర్వాత ఒక్క మెరుపు.
పదకొండేళ్లుగా చూస్తున్నాను,
ఇప్పటికీ ఆ క్షణంలో ఎవరైనా పిలిస్తే పలకను.

తల్లి బంగారంలోనైనా కంసాలి కాస్త గోకుతాడట.
మా తాత వీరబ్రహ్మాచారికి
ఈ సామెత చెప్పని బేరం లేదు.
పెద్దాపురంలో ఆయన కొట్టుకొచ్చి
గొలుసు అతికేదాకా ఆయన వేళ్లనే చూస్తూ కూర్చునేవాళ్లు,
రెప్ప వేస్తే వీసం పోతుందన్నట్టు.
తరుగు మాట దగ్గర గొంతులు లేచేవి.
ఏడాదికోసారి జలగడిగేవాళ్లు వచ్చి
కొట్టు ముందరి మట్టి కొనుక్కుని
మురుక్కాలవ పక్కన గొంతుక్కూర్చుని కడుక్కునేవాళ్లు.
వాళ్లని లోపలికి రానిచ్చేవాళ్లం కాదు.
ఇప్పుడు నేను చేసేది ఆ పనే.
కాకపోతే కళ్లద్దాలు, జీతం, పింఛను.

ఆకురాయి తగిలితే చాలు,
బంగారం ఎవరినీ అడక్కుండా ఎగిరిపోతుందని
ఇక్కడి చెత్త రోజూ చెబుతుంది.
సామెతనెవరూ పుటం పెట్టలేదు.
తాత తీశాడా లేదా, నాకు తెలీదు.
ఆయన కొట్టు నేల పేడతో అలికింది.
శుక్రవారం శుక్రవారం అమ్మమ్మ
దాని మీద ఇంకో పూత వేసేది.

పూసని చదును చేసి ఆమ్లంలో మరిగించాను.
వెండి వదిలి వెళ్లింది.
మిగిలింది పాత చింతపండు రంగులో ఉంటుంది,
దీనికోసమా ఇంత, అనిపించేలా.
మళ్లీ మంట చూపిస్తేగాని పసుపెక్కదు.

నేల: నాలుగు వందల పన్నెండు గ్రాములు.
చెప్పులు: ఒకటీ పాయింట్ ఎనిమిది.
మా లెక్కలో పదిహేను గురిగింజల ఎత్తు.

ఫోన్ చేసి చెప్పాను.
అవతల కాసేపు కెటిల్ ఈల.
"అంతేనా?" అంది మ్యూరియల్.
ఇంకాసేపాగి,
"తివాచీ కూడా పంపమంటావా?"
నవ్వుతోందో ఏడుస్తోందో
ఆ లైన్‌లో తేల్చుకోలేకపోయాను.

ఆరింటికి షిఫ్టు దిగి చేతులు కడుక్కున్నాను,
గోళ్ల కింద కూడా, బ్రష్ పెట్టి.
మా తొట్టికి మురుక్కాలవ లేదు.
నీళ్లు పీపాలోకి వెళతాయి.
నెలాఖరున
వాటినీ తూకం వేస్తారు.