అరగంట ముందు

మా దీవిలో గడియారం
పక్క రాష్ట్రాలకంటే అరగంట ముందు నడుస్తుంది.
గంట కాదు, అరగంట.
"మిగతా అరగంట కాడ్ చేపల్లాగే అయిపోయింది" అంటాను.
పదకొండేళ్లుగా ఇదే నా మొదటి జోకు.
హాలిఫాక్స్‌లో పేలుతుంది. మాంక్టన్‌లో పేలుతుంది.
సిడ్నీలో, ఆస్ట్రేలియాది కాదు, మా అవతలి ఒడ్డున ఉన్న చిన్న సిడ్నీలో,
ముందు వరసలో ఒక ముసలాయన
కట్టుడుపళ్లు చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు.

అప్పుడు టైము ఎనిమిదీ అయిదు.
అంటే ఇంట్లో ఎనిమిదీ ముప్పై అయిదు.
టెస్ గదిలో దీపం ఆరిపోయి ఉంటుంది.

ఏడింటికే ఫోన్ చేద్దామనుకున్నాను.
ఏడింటికి మైకు గరగరలాడుతోంది,
పోస్టరు మీద టిజ్జర్డ్ కాస్తా లిజార్డ్ అయి కూర్చుంది,
ఆ బల్లి మీద అప్పటికప్పుడు పది నిమిషాలు అల్లుకోవాల్సి వచ్చింది.

ఇంటర్వెల్‌లో, బంగాళాదుంపలు వేగుతున్న వంటగదిలో
ఫోన్ తీశాను. ఒక ఫొటో.
గుడ్డు నిలబెట్టే కప్పులో ఒక పన్ను.
కింద కొలీన్ రాసింది:
"ఊడింది. ఏడవలేదు. నువ్వేవని అడిగింది."

నేనేం చేశానో చెప్పాలి.
జేబులోంచి నోట్‌బుక్ తీశాను.
"పన్ను, రెండు డాలర్లు, దేవకన్యతో బేరం, ఇక్కడేదో ఉంది"
అని రాసుకున్నాను.
రాశాక కళ్లు చెమర్చాయి.
ఆ వరసలోనే.

కొలీన్ నర్సు.
ఫ్రిజ్ మీద క్యాలెండర్లో ఆవిడ నైట్ డ్యూటీలు నీలం, నా షోలు ఎరుపు.
ఏ రంగూ అంటని గళ్లు మార్చిలో నాలుగు.
అందులో ఒకటి పైపులు బాగుచేసేవాడు తినేశాడు.

ఒకసారి ఆవిడ కట్టు మారుస్తుంటే
పేషెంటు అడిగాడట, "గురక పెట్టేది మీరేనా?"
మూడు రోజులు ఏమీ అనలేదు.
నాలుగో రోజు గిన్నెలు కడుగుతూ అంది,
"గురక నీది కదా."
నిజమే. గురక నాది.
వేదిక మీద మాత్రం ఆవిడది.
ఆ గురకతోనే ఆ ఏడాది కారుకి మంచు టైర్లు కొన్నాం.

నవ్వు నాలుగు విధాల చేటన్నారు.
అన్నవాళ్లెవరో పెట్రోలు లెక్క కలపలేదు.

తుఫానుకి ఓడ ఒక పూట ఆగింది.
దిగాక ఎనిమిది గంటలు, రాత్రంతా స్టీరింగే.
మధ్యలో రోడ్డు మీద మూస్ దుప్పి, గుర్రం కంటే ఎత్తు,
లైట్ల వెలుగులో నిలబడి
నన్ను చూసింది, చూసింది, చూస్తూనే ఉంది.
టికెట్ డబ్బులు గుర్తొచ్చిన జనం అలాగే చూస్తారు.
నేనే పక్కకి తప్పుకున్నాను.

నాలుగున్నరకి ఇల్లు.
సోఫాలో పక్కింటి మిసెస్ స్నూక్
ఒక కన్ను తెరిచి, "కప్పు అల్మారాలో పెట్టాను" అని
ఆ కన్నూ మూసేసింది.

పొద్దున ఓట్స్ తింటూ టెస్ అడిగింది,
"ఇక్కడ ఎన్ని రాత్రులు, నాన్నా?"
హోటల్ కౌంటర్ దగ్గర అడిగినట్టే.
"మూడు."
వేళ్లు మడిచి చూసుకుని, సరే అంది.

తర్వాత నాకొక జోకు చెప్పింది.
జవాబు ముందే చెప్పేసింది:
"ఎందుకంటే దానికి ఈత రాదు కాబట్టి!"
ఆపైన ప్రశ్న కోసం వెతుక్కుంది, చాలాసేపు,
పన్ను లేని సందులోంచి మాటలు ఈలలవుతుంటే.
ఎక్కడ ఆగాలో తెలియడమే నా బతుకుతెరువు.
దానికి చెప్పలేదు.
ప్రశ్న దొరకలేదు. ఇద్దరం పడీపడీ నవ్వాం.
గుమ్మంలో కొలీన్, బూట్ల నిండా మంచు, ఒక చేతికి గ్లవ్ లేదు,
ముక్కుతో కాస్త గాలి వదిలింది.
పదిహేడేళ్ల కాపురం. అది నవ్వని నాకు తెలుసు.

గురువారం గాండర్.
అది దీవి మీదే. అక్కడా మా టైమే.
మొదటి జోకు పనికిరాదు.

పన్ను గురించి రాసుకున్నది కొట్టేశాను, రెండు గీతలతో.
గీతల కింద
ప్రతి అక్షరం ఇంకా చదవగలుగుతున్నాను.