పేరొస్తది

"పైసలేముందే సారంగమన్నా, పేరొస్తది" అన్నడు
యూత్ అసోసియేషన్ పిలగాడు,
బండి దిగకుండనే, ఇంజన్ బందు చెయ్యకుండనే.
పదహారడుగుల గోడ.
తోరణం, బతుకమ్మ, నడుమ ఎమ్మెల్యే నవ్వు.
కింద మూలకు నా పేరు, ఫోన్ నంబరు.
అదే కూలి.

పేరా?
మట్టెవాడ నుంచి మండిబజారు దాక
ఎవని పేరు రాయలే నేను?
ఎముకల డాక్టరు, నోటరీ వకీలు,
ఎనుమాముల అడ్తి దుకాండ్లు.
"అప్పు రేపు" అని కిరాణంల రాస్తే
ఆ రాసిన కూలి గూడ
రేపే అన్నడు శెట్టి.

'ళ' మెడ ఒంపు తిరగనీకి
ఉస్తాద్ కాడ మూడేండ్లు డబ్బాలు కడిగిన.
బువ్వ ముద్దల టర్పెంటైన్ వాసన.
ఫ్లెక్సీలొచ్చినంక
ఆ ఒంపు నా చేతిలనే ముడుసుకొని పన్నది.
టెంటోనికిస్తవు, మైకోనికిస్తవు,
పులిహోర వండెటోనికి ముందుగాల్నే అడ్వాన్సిస్తవు,
నా కాడికొచ్చేసరికి
"గంట పనే గదనే!"

ఉత్తగ చెయ్యనని కాదు.
నర్సింగం బిడ్డ జరమొచ్చి పోతే
వాని ఆటో ఎనుక ఆ పిల్ల పేరు నేనే రాసిన,
'శ్రీవిద్య',
వత్తు కాడ చెయ్యి వణికింది.
వాడు జేబుల చెయ్యి పెడితే తిట్టిన.
అది నన్నెవ్వలు అడగలే.

ఇదంత అందామని నోరు తెరిచిన.
కొంరెల్లి యాదికొచ్చిండు.

మా బాపు పోయిన నాడు
గడప కాడికెల్లి కాడు దాక
ఎర్రటెండల డప్పు కొట్టిండు.
తోవల మూడుసార్లు మంట పెట్టి కాపుకున్నడు,
మూడుసార్లూ దరువు మార్చిండు,
ఏడ్వని మా అన్నతోని గూడ ఏడిపిచ్చిండు.
"మనోనివే గదనే" అనుకుంట
సగం సీస చేతుల పెట్టి పంపిన.
సీస దిక్కు చూసిండు,
నా దిక్కు చూడలే.

"అడుగుకు నలభై" అన్న పిలగానితోని,
గొంతు నాదేనా అన్నట్టు.
"ఫ్లెక్సీ కొట్టిస్తే అగ్గువ" అని
పొగ నా మీదికి ఇడిసి పోయిండు.

తెల్లారి కొంరెల్లి వాకిట్ల
ఐదు నూర్లు పెట్టిన.
"గిదేందే?"
"బాపు నాటి కూలి."

వద్దంటడేమో అనుకున్న.
నోట్లు లెక్కవెట్టుకున్నడు.
మల్లొకసారి లెక్కవెట్టుకున్నడు.
"ఇంకో రెండు నూర్లయితది" అన్నడు.