అంగుళం కొవ్వొత్తి

ఆ కొవ్వొత్తి నేను పోసిందే.
పెన్‌గారో మందలో కుంటి గొర్రె ఒకటి
క్రిస్మస్‌కి ముందే చచ్చిపోతే
దాని కొవ్వు కరిగించి, గుడ్డలో వడగట్టి
తగరపు అచ్చులో పోశాను.
ఒత్తి మాత్రం సన్నగా పేనాను,
రెండు పోగులు తగ్గించి.

మా కార్న్‌వాల్‌లో ఆ రోజుల్లో
పొలం అమ్మడానికి సుత్తి దెబ్బ లేదు.
సత్రంలో, బీరు మరకల బల్ల మీద
అంగుళం కొవ్వొత్తి వెలిగిస్తారు.
అది ఆరేలోపు ఆఖరి పాట ఎవరిదో
నేల వాళ్లది.

తండ్రి పేకాటలో రాసిచ్చిన కాగితాలు పొలం మీద పడితే
జేగో దొర ట్రూరోకి వెళ్లాడు, మేనమామ దగ్గర అప్పుకి.
దారంతా బురద. అరువు గుర్రం.
"నేనొచ్చేదాకా ఆ మంట నిలబెట్టు, లవ్‌డే"
అన్నాడు, నవ్వుతూనే.
నేను నవ్వలేదు.
సన్నని ఒత్తి నిదానంగా కాలుతుందని
పాలగదిలో ఎవరో అనగా విన్నాను.

గుమాస్తా జాబితా చదివాడు.
గుడ్డిగుర్రం మడి. ఏడ్పుగట్టు. అత్తగారి మూల.
నోటితో అనుకోవడమే తప్ప
కాగితం మీద ఎన్నడూ చూడని పేర్లు.
అతను ఎక్సెటర్ మనిషి, ఒక్కటీ సరిగ్గా పలకలేదు.
గొర్రెలు నూటపది, అన్నాడు.
నూటతొమ్మిది, అనబోయి ఊరుకున్నాను.
నూటపదోది ఎదురుగా బల్ల మీద వెలుగుతోంది.

తగరం గనుల పెథెరిక్ మూడొందలన్నాడు.
ఎవరో రైతు మరో ఇరవై.
పెథెరిక్, ఆవులిస్తూ, మూడొందల నలభై.
ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు.
పాట అంటారు గానీ
అంత నిశ్శబ్దం నేను చర్చిలోనూ వినలేదు.
ఆఖరి రెప్పపాటులో పాడాలని అందరి ఎత్తూ.
మంటకు ఊపిరి తగలకుండా
ముక్కులకు చేతిరుమాళ్లు.

కరిగిన కొవ్వు పెరిగింది.
సన్నని ఒత్తి తాగలేకపోయింది.
సగం మిగిలుండగానే
తన కొవ్వులో తానే మునిగి
దీపం కొండెక్కింది.

ఏ కొండ?
మా కొండ అప్పటికే పెథెరిక్‌ది,
అడుగున తగరంతో సహా.

పొగ ఇంకా దూలాల్లోనే ఉంది, జేగో దొర వచ్చాడు.
మోకాళ్లదాకా బురద.
కోటు లోపల నాలుగొందలు, తడవకుండా.
ఎవరూ ఏమీ చెప్పలేదు.
బల్ల దగ్గరికొచ్చి
మిగిలిన ముక్కను వేలితో నొక్కి చూశాడు.
ఇంకా మెత్తగానే ఉంది.
"ఎంతసేపు వెలిగింది?"
"చాలాసేపే" అన్నాను.

ముప్పై ఏళ్లు దాటాయి.
నా ఒత్తులు మరీ లావని, కొవ్వు దండగని
పెథెరిక్ గారి కోడలు
ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.