మంచి కాలు ముందు

వల్పరాయిసోలో చిరునామా అడిగితే
వీధి పేరు తర్వాత,
ముందు ఎన్ని మెట్లో చెబుతారు.
దోన్ అబ్దోన్ ఇంటికి నూట అరవైమూడు.
కొండెక్కించే పట్టాల పెట్టె ఉంది గానీ
రెండేళ్ళుగా దాని తలుపుకి తాళం,
తాళం మీద పావురాల రెట్ట.

తుంటి విరిగి, లోపల లోహపు బంతి పెట్టించుకుని
అరవై రోజులుగా కింద మేనకోడలి దుకాణం వెనక
ఉల్లిపాయ బస్తాల పక్కన పడుకుంటున్నాడు.
"మోకాళ్ళూ తుంట్లూ నీ గొడవ, యాస్నా,
నాకు నా కిటికీ కావాలి."

నా చదువు సంగతి ఎవరూ అడగరు.
మసాజు పిల్ల అంటారు, అంతే.
ఐదేళ్ళు చదివాను.
మొదటి ఏడు చలిగదిలో, ఫార్మలిన్ కళ్ళను మండిస్తుంటే
పేరు తెలియని ఒకాయన ముంజేతిని
నరం నరంగా విప్పుకుంటూ పోయాం.
ఆయన గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి.
ఆ గోళ్ళు చూశాక రెండు రోజులు నాకు తిండి సయించలేదు.

"నోటికి వస్తే చాలదు, వేలికి రావాలి"
అనేవాడు ప్రొఫెసర్ బర్రియెంతోస్.
వేలికి తెచ్చుకోవడానికి నాకు అమ్మ వీపు దొరికింది,
ముప్పై ఏళ్ళు చేపల బజారులో మంచుపెట్టెలెత్తిన వీపు.
ఒక చేతిలో పుస్తకం, ఒక చేతి కింద ఆమె భుజం.
కండరాల లాటిన్ పేర్లు నేను గొణుగుతుంటే
ప్రార్థన అనుకుని నిద్రపోయేది.

నరాల పేపరు రెండుసార్లు తప్పాను.
చదువు అప్పు తీరడానికి ఇంకా నూట ఏడు నెలలు.
అదీ మెట్ల దారే,
కాకపోతే పైన కిటికీ ఏదీ లేదు.

గురువారం రాత్రి మాత్రం
నేను ఎవరి కీళ్ళకీ జవాబుదారీ కాదు.
రేవు పక్క సిమెంటు మైదానంలో గోలు కాస్తాను.
మా జట్టు గెలిచిన పాపాన పోలేదు.
ఒక బంతి నా చిటికెన వేలిని వంచి పోయింది,
అది అలాగే అతుక్కుంది.
రోగులు దాన్ని చూసి నవ్వుతారు,
నవ్వినప్పుడు భుజాలు వదులవుతాయి,
సరిగ్గా అప్పుడే కాలు ఎత్తిస్తాను.

ఇవాళ పొద్దున్న మెట్ల మొదట్లో నిలబడి
మా వృత్తిలో అందరూ చెప్పే పాత సూత్రం చెప్పాను:
"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, స్వర్గానికి.
దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు, నరకానికి."
ఆయన కర్ర నేలకి ఆనించి ఆగిపోయాడు.
"చెడ్డదా?
నలభై ఏళ్ళు బరువంతా దీని మీదే వేసి
ఓడల్లోంచి గోధుమ బస్తాలు దించాను.
నువ్వు మంచిదంటున్నావే,
అది పక్కన ఊరికే నడిచొచ్చింది."
ఏమనను?
ఐదేళ్ళ చదువులో దీనికి పేజీ లేదు.
"సరే. అలిసిన కాలు."
"అదీ. ఇప్పుడు చెప్పు."

ముప్పై దగ్గర ఊపిరి.
డెబ్బై దగ్గర అడ్డంగా పడుకున్న కుక్క లేవలేదు,
మేమే చుట్టుతిరిగాం.
తొంభై రెండు దగ్గర కూలబడి తిట్టాడు,
నన్నూ మునిసిపాలిటీనీ కలిపి.
నా చెయ్యి ఆయన బెల్టు వెనక
ముట్టీముట్టనట్టు.
పట్టుకున్నట్టు తెలియకుండా పట్టుకోవడమే నా పని
అని ఎవరికైనా చెబితే బాగుంటుంది గానీ
అప్పుడు అదేమీ తోచలేదు,
నా నడుమే లాగుతోంది.

తలుపు తీశాడు.
కిటికీ దగ్గరికి పోలేదు.
పొయ్యి వెలిగించి టీకి నీళ్ళు పెట్టాడు,
నిలబడే పెట్టాడు, కర్రని గోడ దగ్గర మరిచిపోయి.
నోట్సులో రాసుకున్నాను: నలభై ఒక్క నిమిషాలు.

ఒంటరిగా కిందికి వచ్చేశాక, బస్సు కోసం నిలబడి
ఆలోచించాను.
నూట అరవైమూడింట్లో
ఏ మెట్టు మీద ఏ కాలు ముందు వేశానో
ఒక్కటీ గుర్తు రాలేదు.