ముందటి సున్న

అజ్మత్ వచ్చి కాగితాలు కౌంటరు మీద పరిచిండు,
తూకం గుండ్ల డబ్బా పక్కన.
"వైరుండదక్కా, డబ్బా ఉండదు,
నెంబరు ఒక్కటే ఉంటది.
కోడ్ మీ ఇష్టం.
ఏ ఊరిది కావాల్నంటే ఆ ఊరిది."

ఊరును కూడ ఎంచుకోవచ్చని
నలభై ఆరేండ్లకు తెలిసింది నాకు.

ఏనుమాముల మార్కెట్ గేటు కాడ
మాది కాంటాల దుకాణం.
ముల్లు అతుక్కపోయినా, పళ్ళెం వంగినా,
కరెంటు కాంటా వానకు తడిసి
ఏమీ పెట్టకముందే మూడు కిలోలు చూపెట్టినా
కట్టోజోళ్ళ దగ్గరికే తెస్తరు,
పరకాల నుంచి, ములుగు అవతలి నుంచి.

"సున్నా నాలుగు సున్నా తీస్కోరి," అన్నడు.
"హైదరాబాద్ కంపెనీ అనుకుంటరు.
రేటు కూడ జరంత పెంచొచ్చు."

రెండు కోడ్లూ బిల్లుబుక్కు ఎనుక రాసి చూసిన.
రెండిటికీ ముందొక సున్న, ఎనుకొక సున్న.
అక్కడ నడుమ ఒంటి నాలుగు,
ఇక్కడ ఎనిమిదీ ఏడూ ఒకదాన్నొకటి ఆనుకొని.
మా ఇంట్ల నల్ల ఫోనున్న కాలంల
ఊర్లోళ్ళకు కోడ్ కొట్టే పనే లేకుండె.
ముందు సున్న కొడుతున్నమంటే
అవతలి మనిషి దూరమున్నట్టు.

సరే, వారం రోజులు ట్రయల్ అన్నడు, హైదరాబాద్ కోడ్‌తోటి.
మిర్చి సీజను.
నర్సంపేట కమీషన్ దుకాణానికి చేసిన.
"మీ పెద్ద కాంటా తయారైంది" అనేలోపే
"లోన్ వద్దమ్మా" అని పెట్టేసిండు.
చిట్యాలల ఒకాయన
"క్రెడిట్ కార్డు మాకెందుకు తల్లీ,
మిర్చి అమ్మినంక మాట్లాడు" అన్నడు.
ఆత్మకూరుల ఎత్తనే లేదు, ఏడుసార్లు.

బాగైన కాంటాలు పదకొండు
గోడకు వరుసగా నిలబడ్డయి,
బడి విడిచినా తీస్కపోను ఎవరూ రాని పిల్లల్లెక్క.

"మనదే పెట్టు" అన్న అజ్మత్‌తోటి.

మనదానితోటి మొదటి ఫోను గోవిందరావుపేటకు,
మహిళా సంఘం వడ్ల సెంటర్ చూసే బూర సారవ్వకు.
ఎత్తుడు ఎత్తుడే
"ఎవలకేమైంది?" అన్నది.

నాకు మాట రాలే.

"వరంగల్ నెంబరు జూసి గుండె జారింది బిడ్డా.
మా ఇంటాయన పెద్ద దవాఖానల ఉన్నప్పుడు
కిరాణం దుకాణానికి ఫోనొచ్చింది.
మళ్ళ చేయమన్నరని
ఆ పిలగాడు చిట్టీ మీద నెంబరు రాసుకొని ఉరికొచ్చిండు.
నాకు సదువు రాదు గని
ఆ ఎనిమిదీ ఏడూ మాత్రం గుర్తుపడ్త."

మా నాయిన చెప్పెటోడు,
ఏమీ పెట్టకముందు కాంటా ఏం చూపెడ్తదో
అదే దాని గుణమని.
పొద్దుగాల షట్టరెత్తంగనే
ఒక్కొక్కదాన్ని ఖాళీగ చూసెటోడు,
బీడీ ముట్టియ్యకముందే.
ఖాళీ పళ్ళేనికి సున్న పెట్టుడు
నేను ఆయన చేతికిందనే నేర్చుకున్న.
గోవిందరావుపేటల పాత నోకియా ఫోనుకు
ఎక్కడ తిప్పాలె, ఏ మర?

అజ్మత్ తల గోక్కున్నడు.
"మార్చాల్నా అక్కా? మొబైల్ నెంబరే పెడుదమా?"
"ఉండనీ," అన్న.
బోర్డు రాసేటాయనకు అప్పటికే అడ్వాన్సిచ్చిన,
అదొకటి.

అప్పటిసంది ఎవలకు ఫోన్ చేసినా
పేరు చెప్పకముందే
"అంత మంచిదే" అంట.
"అంత మంచిదే, కాంటాల దుకాణం నుంచి."
కొందరు నవ్వుతరు.
కొందరు ఊపిరి ఇడుస్తరు, అది నాకు ఇనవడ్తది.
సారవ్వ ట్రాలీ ఆటోల వచ్చి
నలభై రూపాయలు తక్కువిచ్చి తీస్కపోయింది.

మొన్న ఆమెనే చేసింది, ఈ నెంబరుకే.
నేను హలో అనకముందే
"అంత మంచిదే బిడ్డా," అన్నది,
"కాంటనే,
ఖాళీగున్నా మళ్ళ రెండొందల గ్రాములు చూపెడ్తంది."