కావలి

చొక్కా వెనక ఇంటిపేరొక్కటే అచ్చేశారు.
దాని కింద ముప్పై ఒకటి.
తిరుపాలు అనే పేరు ఇంట్లోనే ఉండిపోయింది,
కాశిమేడు సందులో, అన్నానికి పిలవడానికి.

టీములో వాళ్లు చదివి పడీపడీ నవ్వారు.
తమిళంలో కాస్త సాగదీస్తే అది పోకిరి.
తెలుగులో సాగదీస్తే ఇంకొంచెం అడిగినట్టు.
సాగదీయకపోతే, తుపానుకి మా తాత వదిలేసి వచ్చిన వైపు.
నాకు మాత్రం అదే ఉద్యోగం.

మూడో గోల్‌కీపర్‌ని.
అంటే మొదటివాడి భుజాన్ని, రెండోవాడి మోకాలిని
దేవుడు చల్లగా చూసినంత కాలం
బంతులేరాలి, కోన్లు సర్దాలి,
ప్రాక్టీసు అయిపోయినా కసి తీరనివాడికి
ఎదురుగా నిలబడాలి.
బ్రెజిల్ నుంచి వచ్చినాయన అరవై షాట్లు కొడతాడు.
ముప్పై ఏడు ఆపితే బుగ్గ గిల్లి వెళ్తాడు.
లెక్క నేనే పెట్టుకుంటాను. ఇంకెవరు పెడతారు?

చేతులెత్తేశాడంటే మా ఇంట్లో అర్థం వేరు.
అప్పు తీర్చలేనివాడు ఎత్తుతాడు,
నడిసముద్రంలో ఇంజిన్ ఆగినవాడు ఎత్తుతాడు.
మా కోచ్ పొద్దున ఆరింటికే మొదలెడతాడు,
చేతులెత్తు, ఇంకా ఎత్తు,
ఎవడు దించమన్నాడ్రా అని.

మొదటి జీతంతో నాయనకి కళ్లద్దాలు కొన్నాను.
చదవడానికి కాదు.
హార్బరు గోడ నీడన
కాలి బొటనవేలికి వల తగిలించుకుని
తెగిన కన్ను పక్కన కొత్త కన్ను అల్లుతాడాయన.
ఈ మధ్య కంటికి కన్ను ఆనడం లేదన్నాడు.
పెరియమేడులో బేరమాడి పెట్టుకున్న గ్లవ్స్ డబ్బు
సగం దానికే పోయింది.
పాత గ్లవ్స్ చిరిగిన చోట ఆయనే కుట్టాడు,
ఆ అద్దాలే పెట్టుకుని,
నైలాను దారంతో.

నవంబరు. వాన.
రెండోవాడికి డెంగీ.
డెబ్బై నాలుగో నిమిషంలో మొదటివాడు
భుజం పట్టుకుని కూర్చుండిపోయాడు.
మైకులో నా పేరు సాగదీసే చదివారు.
జనం నవ్వారో లేదో వినలేదు,
చెవుల నిండా నీళ్లు.

మొదటి బంతి.
అంత కష్టమైంది కూడా కాదు,
మా సందులో చిన్నపిల్లలు ఆపుతారు.
తడి గడ్డి మీద ఒక్కసారి తగిలి
నా రొమ్ము కింద నుంచి జారిపోయింది
బొమ్మిడాయిలాగా.

అప్పుడు మా వాళ్ల స్టాండులో
ఒకే ఒక్క మనిషి లేచి చప్పట్లు కొట్టాడు.
వలలో ఏదో పడింది కదా,
నలభై ఏళ్ల అలవాటు.
పక్కవాడెవడో చొక్కా పట్టి కూర్చోబెట్టాక
అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
ఆ వానలో, అంత దూరం నుంచి
ఎలా కనపడిందో తెలీదు. చూశాను.

ఎనభై తొమ్మిదిలో ఒకటి ఆపాను.
పైమూలకు పోయేది, చిటికెన వేలి కొసతో.
రెండుకొకటిగా ఓడిన మ్యాచ్‌లో
దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

చివరి బస్సులో నాయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.
రాయపురం వంతెన దాటాక అన్నాడు:
"ఆ వల ఎవడు కట్టాడ్రా?
ఎడమ పక్క, కింద మూల, రెండు కళ్లు తెగున్నాయి.
చెప్పు వాళ్లకి."
ఇంకో స్టాపు పోయాక,
"చెయ్యి ఇటు చూపించు."

శనివారం మళ్లీ బెంచీ.
వేలు ఇంకా వాచే ఉంది.
పక్క వేలితో కలిపి ఆయన కట్టిన దారం
డాక్టరు తీసేయమన్నాడు, తీయలేదు.
ఆ ముడి నాకు తెలుసు.
తడిస్తే ఇంకా బిగుస్తుంది.